డ్రమ్ములోలిల్లు

ఇంటికింకా నంబరు రాలేదు.
పంచాయతీ బిళ్ళ తగిలించేందుకని తలుపు పక్కన
ఓబులేసు ఒక మేకు దిగ్గొట్టి ఉంచాడు.
ప్రస్తుతానికి దానికి గొడుగు వేలాడుతోంది.

టెక్కలిలో మాకెవరూ లేరు.
రాయి ఉంది.
తాడిపత్రిలో నల్లబండ కోసిన చేతులకి
ఇక్కడి నీలిరాయి పాలిషు పని దొరికింది.
రాయి యాడైనా రాయే, అన్నాడు రైలెక్కేటప్పుడు.
రెండోరోజు ఫ్యాక్టరీ నుంచొచ్చి
కాదు, ఇది వేరేగా అరుస్తుంది, అన్నాడు.

ఏడాది రేకుల గదిలో ఉండి కట్టుకున్నాం రెండు గదులు.
వంటగట్టుకి మాత్రం మా ఊరి బండే కావాలని
లారీలో తెప్పించుకున్నాను.
చింతపులుసు ఒలికితే దాన్ని తెల్లగా తినేస్తుంది,
అచ్చం మా అమ్మ గట్టు మీద లాగే.

బోరు వేసిన రోజు చెప్పాలి.
మా చేలో మూడు బోర్లు వేశాం.
ఏడొందల అడుగులకి పోతే లేచింది దుమ్ము.
ఆ దుమ్ము దులుపుకోడానికి
ఐదేళ్ళు వడ్డీ కట్టాం.
ఇక్కడ ముప్పై అడుగులకే
"జల పడిపోనాది, ఇంక సాలమ్మా" అని
బోరు కుర్రాడు బీడీ వెలిగించుకున్నాడు.
ఓబులేసు గొట్టం కింద దోసిలి పట్టి
తాగలేదు, పారబోయలేదు,
వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు వాటంతటవే పోయేదాకా
అట్లే నిలబడ్డాడు.

అయినా ఐదు డ్రమ్ములు కొన్నాను.
ట్యాంకు నిండాక డ్రమ్ములు, తర్వాత బిందెలు,
తర్వాత చెంబులు,
ఆఖరికి పిల్లదాని పాలసీసా కూడా.
పక్కింటి తవిటమ్మ గోడ మీంచి చూసి
"ఏటమ్మా, ఇన్నేసి డ్రమ్ములేటి?
మా ఊరికి కరువొచ్చినాదని నీకెవులు సెప్పినారు?"
అని నవ్వింది.
వారం తిరిగేసరికి వీధంతా నవ్వింది.

నేను రాగులంటే ఆమె చోళ్ళంటుంది.
పిండి ఒకటే.
నేను ముద్ద చేసి మింగుతాను,
ఆమె అంబలి కాచి తాగుతుంది.
గోడలు ఆరవిక్కడ.
సున్నం కింద చెమ్మ పాకుతుంటే నాకది రోగంలా ఉండేది.
తవిటమ్మకి గోడంటేనే అంత.

ఆశ్వయుజంలో మైకు ఆటో రెండుసార్లు తిరిగింది.
తవిటమ్మ వచ్చి మా కిటికీల్లో గోనెసంచులు కుక్కి
తలుపు వెనక రోలు పెట్టించి
"గుంటని మద్దె గదిలో పడుకోబెట్టు" అని పోయింది.
మా ఊళ్ళో గాలి ఉత్తచేతుల్తో వస్తుంది.
ఇక్కడ సముద్రాన్ని ఎత్తుకొచ్చింది.
రాత్రంతా ఎవరో కొత్త గుమ్మాలు పట్టుకుని
ఊపి ఊపి చూశారు.
ఓబులేసు గోడకి రెండు చేతులూ ఆనించాడు
మిషను మీద రాయిని అదిమిపట్టినట్టు.

తెల్లారితే చుట్టూ నీళ్ళే. తాగేందుకు చుక్క లేదు.
స్తంభాలు రోడ్డు మీద పడుకున్నాయి.
మోటార్లు పలకవు. బావుల్లో బురద.
తవిటమ్మ గోడ దగ్గరికొచ్చింది, గోడ సగమే ఉంది.
బిందె చంకలోనే ఉంచుకుని
నా డ్రమ్ముల వైపు కాకుండా
నా కాళ్ళ వైపు చూసింది.
మూత తీశాను.

ఐదు రోజులు, ఇంటికి పూటకో బిందె.
కొలిచి పొయ్యడం నాకెవరూ నేర్పక్కర్లేదు.
మూడో డ్రమ్ములో అడుగు కనిపించినప్పుడు మాత్రం
కడుపులో పాత భయం కదిలింది.
ఆ రాత్రి ఒక చెంబు మంచం కింద దాచాను.
ఓబులేసుకి కూడా చెప్పలేదు,
ఇప్పుడు చెప్తున్నాను.

మొన్న నంబరు బిళ్ళ వచ్చింది.
నిన్న మా తమ్ముడు స్టేషన్లో దిగి
ఆ నంబరే చెబితే ఆటోవాడు బుర్ర గోక్కున్నాడట.
"ఎవులిల్లండీ?"
తాడిపత్రి నుంచి వచ్చినోళ్ళది, రాళ్ళ పని...
"ఓర్నాయనా, డ్రమ్ములోలిల్లా!
ముందే సెప్పాలి కదేటి, ఎక్కండి."

తమ్ముడు తడిసి వచ్చాడు.
గొడుక్కి ఇంకో మేకు కొట్టాలి.